రెండో చాంబరులో నీళ్ళు లేవు

డిటెక్టివ్ గుమ్మంలో చెప్పులు విప్పేసరికి గోడ గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది. అన్నయ్య ఫోను చేసింది పదకొండూ యాభైకి. "బుజ్జీ, కొంప మునిగింది, రా" అని పెట్టేశాడు. పదిహేనేళ్ళుగా తప్పిపోయిన మనుషుల్నీ దొంగ సంతకాల్నీ వెతికి పట్టుకుంటున్న ఆవిడ, అన్నయ్యకి మాట పెద్దది చేసి చెప్పడం అలవాటే కదా అనుకుంటూ వచ్చింది. కింది బాత్రూము తలుపు తీశాక, ఈసారి ఆయన ఒక్క అక్షరం కూడా పెంచి చెప్పలేదని తెలిసింది.

నేల మీది జాలీలోంచి బూడిదరంగు నీళ్ళు పైకి తన్ని, బకెట్టు చుట్టూ మడుగు కట్టాయి. కమోడ్‌లో నీళ్ళు అంచుకి నాలుగు వేళ్ళ దూరంలో ఆగి, ఇంకొక్క చెంబు పోస్తే చూసుకోండి అన్నట్టున్నాయి. వాసన సంగతి రాయకపోవడమే మర్యాద.

"చూశావుగా" అంది వదిన, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "మూడింటికి అల్లుడు ఫోను చేస్తాడు."

ఆ ఒక్క ఫోను కోసమే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. డిటెక్టివ్ మేనకోడలికి పాప పుట్టి మూడు రోజులైంది. ఇవాళ ఆసుపత్రి నుంచి పంపిస్తున్నారు. మూడు నెలలు పుట్టింట్లోనే ఉంటానంది. కింది గదికి కొత్త రంగు వేశారు, కిటికీకి దోమతెర బిగించారు, మంచం పక్కన ఉయ్యాల పెట్టారు. తీరా పొద్దున బాత్రూము ఇలా తిరగబడింది. అది తెలిసి వియ్యపురాలు, "బాలింతని ఆ నీళ్ళలో ఎలా ఉంచుతారండీ? మా ఇంటికి తీసుకొచ్చేస్తాం. ఎంత, ఆరు గంటల ప్రయాణమేగా" అని తేనె పూసినట్టు చెప్పిందట. మూడింటికల్లా బాగవుతుందంటే కారు ఇటు తిరుగుతుంది. లేదంటే అటు.

"అటు తిరిగితే మూడు నెలలూ అటే" అంది వదిన. "నా మనవరాల్ని చూడాలంటే వాళ్ళ గుమ్మం ముందు నిలబడి బెల్లు కొట్టాలి నేను."

పెరట్లో ఒక పెద్దమనిషి సున్నం డబ్బా పట్టుకుని నేల మీద గీత గీస్తున్నాడు. గోతుల మేస్త్రి. ఆ చుట్టుపక్కల సగం ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులు తవ్వించింది ఆయనే. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడితే, భూమి కూడా ఆయన్ని అడిగే నీళ్ళు తాగుతుందేమో అనిపిస్తుంది.

"మీరేనా డిటెక్టివ్ మేడమ్?" అన్నాడు. "అనవసరంగా శ్రమపడ్డారు. ఇక్కడ హత్యలేం జరగలేదు. ఇంకుడు గుంత చచ్చిపోయింది, అంతే. ఒకటిన్నరకి మిషను వస్తుంది. ఈ గీత పొడుగునా తవ్వేసి కొత్త గుంత కడతాం. మూడు రోజుల పని. ఈ మూడు రోజులూ ఇంట్లో ఎవరూ చుక్క నీళ్ళు వదలకూడదు."

"చచ్చిపోయిందంటున్నారు. శవాన్ని చూశారా?"

"అంటే?"

"ఏ మూతైనా ఎత్తారా అని."

మేస్త్రి నవ్వాడు. "ముప్ఫై ఏళ్ళ అనుభవం మేడమ్. వాసన చూసి చెప్తా."

"నేను కళ్ళతో చూసి చెప్తాను. ఒకటిన్నర దాకా టైముంది. ఈలోపు గడ్డపార ఎవరూ ముట్టుకోవద్దు."

సున్నం గీత దాటుకుంటూ ఆవిడ ఇంట్లోకి నడిచింది. వెనక మేస్త్రి, "గుంతకి కూడా సాక్షులు కావాలట!" అని తన మనుషులతో అనడం, వాళ్ళు కిసుక్కుమనడం వినబడింది. ఆవిడకి కోపం రాలేదు సరికదా, హుషారొచ్చింది. ఎదుటివాడు ఎంత ధీమాగా ఉంటే కేసు అంత రుచి.

పన్నెండూ ముప్ఫై అయిదుకి విచారణ మొదలైంది. ముందు అన్నయ్య. చోటు, వంటిల్లు.

అన్నయ్య గూడ్సు బండి డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఏం అడిగినా నిమిషాలతో సహా చెప్తాడు. అలాంటి సాక్షి దొరకడం ఏ డిటెక్టివ్‌కైనా వరమే.

"మొదటి గుర్తు బుధవారం సాయంత్రం ఆరూ నలభైకి" అన్నాడు ఆయన. "వాకింగు నుంచి వచ్చి కింద కమోడ్ వాడాను. నీళ్ళు దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గురువారం పదకొండూ ఇరవైకి వాషింగ్ మెషీను నీళ్ళు వదిలితే జాలీలో గుడగుడ. ఇవాళ ఆరూ నలభై రెండుకి నేను మేడ మీద ఫ్లష్ నొక్కాను. ఆరూ నలభై మూడుకి కింద మీ వదిన కేక."

"మేడ మీద నొక్కితే కింద పొంగింది. మేడ మీద ఏమైనా నిలిచిందా?"

"చుక్క కూడా నిలవలేదు."

"నిలవదు. దారి ఎక్కడో మూసుకుంది. పోవడానికి చోటు లేక, అన్నిటికన్నా కిందున్న కన్నం చూసుకుని పైకొచ్చింది." ఆవిడ లేచి సింకుకి బిరడా పెట్టి కుళాయి పూర్తిగా తిప్పింది. అన్నయ్య గుండె పట్టుకున్నాడు. సింకు సగం నిండగానే బిరడా లాగేసింది. నీళ్ళు సుడి తిరుగుతూ గటగటా దిగిపోయాయి. గిన్నెలు తోమిన జిడ్డు కూడా మిగల్లేదు.

డిటెక్టివ్ నోటుపుస్తకంలో ఏదో రాసుకుని, దాని కింద రెండు గీతలు కొట్టింది.

"అన్నయ్యా, మధ్యాహ్నాలు వదిన పడుకున్నాక నువ్వేం చేస్తావు?"

"ఏముంటుంది? పేపరు."

"ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా?"

ఆరూ నలభై రెండు, ఆరూ నలభై మూడు అని చెప్పిన మనిషి, "ఏదో... మూడు, మూడున్నర... అలా" అన్నాడు. ఆవిడ తల ఎత్తింది. అన్నయ్య నోట 'అలా' అన్న మాట పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆయన చొక్కా చేతి అంచున తెల్లగా ఏదో అంటుకుని ఉంది. వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. గోధుమపిండి.

"వంట నేర్చుకుంటున్నావా?"

"వంటా? నేనా? మీ వదిన నన్ను వంటింట్లోకి రానిస్తుందా?"

"ఇప్పుడు వంటింట్లోనేగా ఉన్నావు" అని నవ్వి, ఆయన్ని వదిలేసింది. అప్పుడే పట్టేసుకుంటే ఆట ఏముంది?

వదిన విచారణ పాప గదిలో జరిగింది. వదిన ముప్ఫై మూడేళ్ళు బళ్ళో పనిచేసి, హెడ్మిస్ట్రెస్‌గా దిగిపోయింది. ఇప్పటికీ కుర్చీలో కూర్చుంటే ఎదుటివాళ్ళకి హోంవర్కు చెయ్యలేదేమోనని అనుమానం వస్తుంది.

"కమోడ్‌లో ఏమైనా వేశావా వదినా?"

"నన్నడుగుతున్నావా? కమోడ్‌లో ఏం వెయ్యాలో, ఏం వెయ్యకూడదో మూడొందల మంది పిల్లలకి నేర్పిన దాన్ని."

"అడగడం నా పని. కోప్పడకు."

"కోపం కాదు, పరువు." అంటూనే అలమర తలుపు తీసి చూపించింది. లోపల అన్నీ బారులు తీరి ఉన్నాయి. తలుపు వెనక గుండ్రటి అక్షరాలతో జాబితా: మెత్తటి బట్టలు పన్నెండు, చిన్న డయపర్లు మూడు కట్టలు, వైప్స్ ఆరు ప్యాకెట్లు. ప్యాకెట్ల మీద పసుపు బాతుపిల్లల బొమ్మలు. ఆరంటే ఆరూ ఉన్నాయి.

"పాప వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. పిల్లని పెంచిన దాన్ని, నాకు కొత్తేముంది? మీ అన్నయ్యకే భయం. పిల్లని ఎత్తుకోమంటే దొంగని చూసినట్టు వెనక్కి వెళ్తారు. మన పిల్ల పుట్టినప్పుడూ అంతేగా."

"సాయంత్రం అన్నయ్య వాకింగుకి వెళ్ళాక నువ్వేం చేస్తావు?"

"అయిదున్నర నుంచి ఆరున్నర దాకా మొక్కలకి నీళ్ళు పోస్తాను."

"రోజూనా?"

"రోజూ."

ఒంటిగంటా పదికి డిటెక్టివ్ పెరట్లోకి వచ్చి, బట్టలుతికే బండ మీద సుద్దముక్కతో బొమ్మ గీసింది. మేస్త్రి చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఇది ఇల్లు. మేడ మీది బాత్రూము, కింది బాత్రూము, వాషింగ్ మెషీను, మూడింటి నీళ్ళూ వచ్చి పడేది ఈ మొదటి చాంబరులో. అక్కడ్నించి పన్నెండడుగుల పైపు. ఇది రెండో చాంబరు. వంటింటి నీళ్ళు తిన్నగా ఇందులోకే వస్తాయి. దీని తర్వాత ట్యాంకు, ట్యాంకు తర్వాత మీరు చంపేసిన ఇంకుడు గుంత. తప్పుంటే చెప్పండి."

"తప్పేం లేదు. నేను కట్టినదేగా."

"మరి ఇంకుడు గుంత నిండిపోతే ట్యాంకు నిండాలి. ట్యాంకు నిండితే రెండో చాంబరు నిండాలి. అప్పుడు వంటింటి సింకు కూడా పొంగాలి. ఇప్పుడే అరసింకు నీళ్ళు వదిలాను, గుటుక్కున మింగేసింది."

మేస్త్రి మీసం సవరించుకున్నాడు. "అదేదో అదృష్టం మేడమ్. ఇంకో గంటకి అదీ పొంగుతుంది. మొన్న వాన పడలేదూ?"

డిటెక్టివ్ గుంత ఉన్నచోటికి వెళ్ళి చెప్పు కాలితో నేల గీకింది. దుమ్ము లేచి మేస్త్రి పంచె మీద పడింది.

"ఎక్కడండీ వాన?"

పనివాళ్ళు ఈసారి మేస్త్రిని చూసి నవ్వారు. ఆయన ముఖం కందగడ్డ అయింది.

"సరే, పందెం! రెండో చాంబరు మూత తీద్దాం. నీళ్ళుంటే?"

"మీ మిషనుకి గేటు నేనే తీస్తాను. లేకపోతే, లోపల ఇరుక్కున్న దాన్ని మీ చేత్తో మీరే లాగాలి."

"ఖాయం!"

మూత ఎత్తుతూ మేస్త్రి అలవాటు కొద్దీ సిగరెట్టు నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె తీశాడు. డిటెక్టివ్ ఒక్క అంగలో వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. "లోపల గ్యాసు ఉంటుంది. ఆ మీసాలు పెంచడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఏమో!" ఆయన మీసం ఒకసారి తడుముకుని అగ్గిపెట్టె జేబులో పెట్టేశాడు. అందరూ రెండడుగులు వెనక్కి జరిగి కాసేపు గాలి ఆడనిచ్చారు. అప్పుడు ఆవిడ దూరం నుంచే టార్చి వేసింది.

రెండో చాంబరులో నీళ్ళు లేవు. అడుగున వంటింటి నీళ్ళు పారిన సన్నటి తడి చార తప్ప, మిగతాదంతా పొడి.

"ఇప్పుడు మొదటిది" అంది ఆవిడ.

మొదటి చాంబరు మూత మీద వదిన పూలకుండీలు వరసగా పేర్చి ఉన్నాయి. పనివాళ్ళు ఒక్కొక్కటే పక్కకి జరిపారు. కుండీల్లో మట్టి బీటలు వారి ఉంది, ఆకులు వేలాడిపోతున్నాయి. నాలుగైదు రోజులుగా నీటిచుక్క పడ్డ ఛాయ లేదు. డిటెక్టివ్ ఆ మాట పైకి అనలేదు. నోటుపుస్తకంలో మాత్రం ఇంకో రెండు గీతలు పడ్డాయి.

మూత లేవగానే అందరూ ఒకేసారి "అమ్మో" అన్నారు. నీళ్ళు అంచుదాకా వచ్చి ఉన్నాయి.

"ఒకటి నిండుకుండ, రెండోది ఎండుకుండ" అంది డిటెక్టివ్. "దొంగ ఈ రెండింటి మధ్య పన్నెండడుగుల్లోనే దాక్కున్నాడు. మేస్త్రిగారూ, మిషను వద్దని ఫోను చేస్తారా?"

మేస్త్రి ఒక నిమిషం సుద్దబొమ్మ వైపూ, ఒక నిమిషం తన సున్నం గీత వైపూ చూశాడు. తర్వాత పకపకా నవ్వేశాడు. మనిషి మొండివాడే గాని మనసులో మురికి లేదు. ఫోను తీసి, "ఒరేయ్, మిషను వెనక్కి తిప్పు. ఇక్కడ శవం లేచి కూర్చుంది" అన్నాడు.

మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, రెండో చాంబరు వైపు నుంచి పొడుగాటి స్ప్రింగు కమ్మీ లోపలికి తోశాడు. నాలుగడుగులు, ఆరు, ఏడు. అక్కడ ఆగింది. మెత్తగా ఉంది, కదలనంటోంది.

"కొక్కెం తిప్పి లాగండి. లాగగానే పక్కకి దూకండి" అంది డిటెక్టివ్.

"దూకడమెందుకు?"

"వెనకాల మొదటి చాంబరు మొత్తం క్యూలో నిలబడి ఉంది."

ఆయన లాగాడు. పైపు ఒక్కసారి త్రేన్చింది. చేతి లావున ఒక బూడిదరంగు తాడు, ముడులు పడి, పాము కుబుసంలా జారి బయటికొచ్చింది. దాని వెనకే నీళ్ళు హోరుమని దూకాయి. మేస్త్రి చెప్పినట్టే దూకాడు గాని, పంచె దూకలేదు. ఇంట్లోంచి వదిన గొంతు ఖంగుమంది: "దిగిపోయాయి! బాత్రూములో నీళ్ళు దిగిపోయాయి!" అన్నయ్య రైలు కూతలా ఈల వేశాడు. సమయం రెండూ పదిహేను.

డిటెక్టివ్ మాత్రం నవ్వలేదు. తాడు పక్కన కూర్చుని, కర్రతో ఒక ముడి విప్పింది. చిరగని, కరగని, పల్చటి తెల్లగుడ్డ ముక్క విడివడింది. ఇంకోటి. ఇంకోటి.

"వైప్స్" అన్నాడు మేస్త్రి. "పిల్లల్ని తుడిచేవి. మా కోడలు కూడా ఇవే... ఆగండి మేడమ్. ఈ ఇంట్లో పసిపిల్లలెవరున్నారు?"

"లేరు" అంది డిటెక్టివ్ లేచి నిలబడి. "అదే అసలు కేసు."

రెండూ ముప్ఫైకి అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టింది. మేస్త్రి కూడా పంచె పిండుకుని గుమ్మం దగ్గర స్టూలు వేసుకున్నాడు. ఇంత రసపట్టులో వదిలి వెళ్ళడానికి ఆయనకి మనసొప్పలేదు.

"పైపు బాగైంది" అంది డిటెక్టివ్. "కాని అరగంటలో అల్లుడు ఫోను చేస్తాడు. రమ్మని చెప్పాలంటే ఇది మళ్ళీ జరగదని నాకు నమ్మకం కలగాలి. ఎవరో వైప్స్ కమోడ్‌లో వేస్తున్నారు. ఎవరో తేలకపోతే వారంలో మళ్ళీ ఇదే మడుగు, ఈసారి పాప స్నానం వేళకి. ఒప్పుకుంటే పిల్ల ఇటొస్తుంది. దాచుకుంటే అటు పంపించెయ్యమని నేనే చెప్తాను."

వదిన భర్త వైపు చూసింది. భర్త ఫ్యాను వైపు చూశాడు.

"అన్నయ్యా. మూడు నుంచి మూడున్నర దాకా మేడ మీద బాత్రూములో గోధుమపిండితో నీకేం పని?"

రైలు ఆగింది. అన్నయ్య మెల్లగా లేచి, మేడ మీదికి వెళ్ళి, రెండు చేతుల్లో ఏదో పొదివి పట్టుకుని దిగివచ్చాడు. అది మూడు కిలోల గోధుమపిండి సంచి. దానికి పెన్నుతో రెండు కళ్ళు, ఒక నోరు గీసి ఉన్నాయి. కింద, చక్కగా అతికించిన డయపరు.

"పాప మూడు కిలోలని అల్లుడు చెప్పాడు" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. "మన పిల్ల పుట్టినప్పుడు నేను బండి మీద ఉన్నాను. నలభై రోజులకి వచ్చి ఎత్తుకుంటే మెడ పట్టడం తెలీలేదు. గుక్కపట్టి ఏడ్చింది. నా చేతులే మంచివి కావనుకున్నాను. మళ్ళీ దానికి నడక వచ్చేదాకా ఎత్తుకోలేదు బుజ్జీ. ఈసారి అలా కాకూడదని... కొట్లో ఒక ప్యాకెట్టు కొనుక్కుని నేర్చుకుంటున్నా. చెత్తబుట్టలో వేస్తే మీ వదిన చూసి నవ్వుతుందని కమోడ్‌లో వేశా. నీళ్ళలో వెయ్యొచ్చని ప్యాకెట్టు మీద రాసుంది. మొత్తం ఇరవై రెండు. లెక్క రాసిపెట్టుకున్నా."

వదిన వంగి సంచి మీద గీసిన కళ్ళ వైపు చూసింది.

"కమోడ్‌లోంచి పోతాయి, నిజమే. పైపులోంచి పోవు" అంది డిటెక్టివ్, గొంతు కాస్త తగ్గించి. "కాగితంలా కరగవు. పైపు వంపులో ఒకటి ఆగితే, రెండోది దాన్ని పట్టుకుంటుంది."

"మేడమ్" అని మేస్త్రి చెయ్యెత్తాడు, బళ్ళో పిల్లాడిలా. "నేను అక్కడ కర్రతో విడదీసి చూశాను. ఆకుల అచ్చు ఉన్నవి ఇరవై దాకా ఉన్నాయి. మిగతావాటి మీద బాతులున్నాయి. అవి ఇంకో నలభై ఉంటాయి."

అన్నయ్య గబుక్కున జేబులోంచి తన ప్యాకెట్టు తీశాడు. దాని మీద ఆకులు. బాతులు లేవు.

"ఇద్దరు దొంగలు!" అన్నాడు మేస్త్రి ఆనందంగా.

డిటెక్టివ్ పాప గదిలోకి వెళ్ళి, బాతుపిల్లల ప్యాకెట్లు ఆరూ చేతుల్లో పొదివి పట్టుకుని వచ్చింది. ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టి నొక్కింది. మొదటిది మెత్తగా ఉంది. రెండోది మెత్తగా ఉంది. నాలుగోది గరగరలాడింది. అంటించిన మూత ఊడదీసి వంచితే, లోపల్నించి పాత పరీక్ష కాగితాలు జారిపడ్డాయి. ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా, నాలుగు మూలలూ కలిపి మడిచినవి.

"ఈ ఇంట్లో కాగితం ఇంత తిన్నగా మడిచేది ఒక్కరే" అంది డిటెక్టివ్. "వదినా, ఆ కుండీల్లో మట్టి బీటలు వారింది. అయిదున్నర నుంచి ఆరున్నర దాకా నీళ్ళు దేనికి పోస్తున్నావు?"

వదిన నిటారుగా కూర్చునే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"రబ్బరు సంచికి" అంది చివరికి. "వేడినీళ్ళ సంచి. గోరువెచ్చటి నీళ్ళు పోస్తే అచ్చం పసిపిల్లలా కదులుతుంది... ఎవరూ నవ్వకండి. మా రోజుల్లో పాత చీరలు చింపి కట్టేవాళ్ళం. ఈ డయపర్లకి ముందేదో వెనకేదో నాకు తెలియదు. 'అమ్మా, నీకన్నీ తెలుసుగా' అని పిల్ల అడిగితే తెలుసునన్నాను. ఇప్పుడు తెలియదని ఎలా చెప్పను?"

అన్నయ్య మెల్లగా అన్నాడు: "బొమ్మ ఉన్న వైపు ముందుకి రావాలి."

"ముందుకా! నేను నాలుగు రోజులు వెనక్కి పెట్టాను!"

అంతే. ముందు వదినే నవ్వింది, కళ్ళలోంచి నీళ్ళు కారేలా. అన్నయ్య గోధుమపిండి సంచిని ఆవిడ ఒళ్ళో పెట్టి, "మెడ ఇలా పట్టుకోవాలి" అని చూపిస్తుంటే, "నాకు చెప్తున్నారా?" అని గదమాయిస్తూనే పట్టుకుంది. మేస్త్రి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. వాసన వల్ల అని చెప్పాడు.

సరిగ్గా మూడింటికి ఫోను మోగింది. డిటెక్టివే ఎత్తింది.

"అల్లుడుగారూ, ఇటే తిప్పండి."

మూడూ నలభైకి కారు వచ్చి ఆగేలోపు, వదిన బాత్రూముని మూడుసార్లు ఫినాయిలుతో కడిగింది. కడిగిన ప్రతిసారీ డిటెక్టివ్ వెళ్ళి రెండో చాంబరులో నీళ్ళు పారుతున్నాయో లేదో చూసివచ్చింది. కమోడ్ పక్కన మూత ఉన్న చెత్తబుట్ట వెలిసింది. దాని పైన గోడకి గుండ్రటి అక్షరాలతో కొత్త కాగితం: వైప్స్ ఇందులోనే. హెడ్మిస్ట్రెస్‌కి కూడా.

మేనకోడలు దిగింది. చేతుల్లో పాప, చేసిన పనికి తడిసి, ఊరంతా వినబడేలా ఏడుస్తోంది.

"అమ్మా, ముందు దీన్ని మార్చాలి" అంది మేనకోడలు, పాపని తల్లి వైపు చాస్తూ.

వదిన ఒకడుగు ముందుకేసి ఆగింది. భర్త భుజం మీద చెయ్యివేసి మెల్లగా ముందుకి నెట్టింది. "మీ నాన్నకివ్వు."

"నాన్నకా?"

అన్నయ్య చేతులు చాచాడు. ఎడమ అరచేయి మెడ కింద, కుడి చేయి నడుము కింద. పాప ఒక్క క్షణం ఏడుపు ఆపి, ఎవరీయన అన్నట్టు చూసింది. మంచం మీద పడుకోబెట్టి, తడిది తీసి, వదిన అందించిన వైప్‌తో తుడిచి, బొమ్మ ఉన్న వైపు ముందుకి తెచ్చి అతికించేసరికి రెండు నిమిషాల పది సెకన్లు. ఆ సంగతి ఆయనే గడియారం చూసి ప్రకటించాడు. వాడిన వైప్ మూత ఉన్న బుట్టలో పడింది. మేనకోడలు గుమ్మానికి ఆనుకుని, తండ్రిని ఎప్పుడూ చూడనట్టు చూస్తూ నిలబడిపోయింది.

అప్పుడొచ్చాడు అల్లుడు, పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ, ముఖం వెలిగిపోతూ.

"అత్తయ్యగారూ, ఇరవై నాలుగు ప్యాకెట్ల వైప్స్! వీటితో ఎంత సుఖమనుకున్నారు, చెత్తబుట్టే అక్కర్లేదు. ఆసుపత్రిలో మూడు రోజులూ హాయిగా ఫ్లష్ చేసేశాను."

అందరూ ఒకేసారి డిటెక్టివ్ వైపు తిరిగారు. అప్పుడే గుమ్మం దగ్గర మేస్త్రి ఫోను మోగింది. ఆయన రెండు ముక్కలు విని, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, డిటెక్టివ్ వైపు చూశాడు.

"మేడమ్, ఆసుపత్రి నుంచి. కింది అంతస్తులో బాత్రూములన్నీ పొంగుతున్నాయట. ఇంకుడు గుంత తవ్వాలేమో వచ్చి చూడమంటున్నారు."

"ఎప్పుడు మొదలైందో అడగండి."

"నిన్న సాయంత్రం ఆరింటికట."

డిటెక్టివ్ నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పెన్ను మూత తీసి, అల్లుడి ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అల్లుడుగారూ, ఆ పెట్టె కింద పెట్టండి. నిన్న సాయంత్రం ఆరింటికి మీరెక్కడున్నారు?"